బంతి నేల మీద ఉన్నంతసేపూ

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. చదువుతూ చదువుతూ మూడో పేరాకి వచ్చేసరికి ఒళ్లు మండింది. "బంతి వేగంగా కిందికి వచ్చి, నేలను తాకి, తిరిగి పైకి లేస్తుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నువ్వు ఎంచుకున్న విషయం ఏమిటి? బంతి ఎంత ఎత్తు ఎగురుతుందనేది వేటిని బట్టి ఉంటుంది అని. ఆ కథంతా జరిగేది బంతి నేల మీద ఉన్నప్పుడే. నువ్వేమో అక్కడ కాలు కూడా మోపకుండా దాటేశావు.

టెన్నిస్ బంతి నేలను అంటిపెట్టుకుని ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. ఆ కాస్తలోనే బంతి అడుగు చదునుగా నొక్కుకుపోతుంది, లోపలి గాలి ఇరుకున పడుతుంది, రబ్బరు గోడ వంగుతుంది. ఒక దశలో కిందికీ పోదు, పైకీ రాదు. తర్వాత గాలీ రబ్బరూ కలిసి దాన్ని పైకి తంతాయి. గాలి తను పుచ్చుకున్నదాన్ని దాదాపుగా తిరిగి ఇచ్చేస్తుంది. రబ్బరు అంత నిజాయితీపరురాలు కాదు. వంగినప్పుడు తీసుకున్న శక్తిలో కొంత వేడి కింద మిగుల్చుకుంటుంది. గాలి తగ్గిన బంతి ఎందుకు లేవదంటే ఇందుకే. గాలి మోయాల్సిన భారం రబ్బరు నెత్తిన పడుతుంది, అది ఎక్కువ వంగుతుంది, ఎక్కువ మింగుతుంది. "గాలి తక్కువైతే తక్కువ ఎగురుతుంది" అని నువ్వు రాసింది తప్పు కాదు. కానీ ఎందుకని అడగబోయిన పాఠకుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి తలుపేసుకున్నావు.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కారణాన్ని కోసేసి వింతను మాత్రం అచ్చేసే వాళ్ల దగ్గర నేను పనిచేశాను. కొత్తలో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి సైన్సు శీర్షిక రాసేవాణ్ణి. స్క్వాష్ ఆడేవాళ్లు ఆటకు ముందు బంతిని గోడకేసి కొట్టి కొట్టి ఎందుకు వేడెక్కిస్తారో ఒకసారి ఓపిగ్గా రాశాను. చల్లటి రబ్బరు వంగితే తొందరగా తేరుకోదని, వేడెక్కితే అది చురుగ్గా తిరిగి లేస్తుందని, లోపలి గాలి ఒత్తిడి కూడా పెరుగుతుందని. అచ్చులో మిగిలింది "స్క్వాష్ బంతికి చలంటే భయం!" అన్న ముక్క, ఒక కార్టూన్ బొమ్మ. ఆ ఆశ్చర్యార్థకం సంపాదకుడిగారి దానం. పారితోషికం అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చేవారు కాబట్టి కారణాలు పోయినప్పుడల్లా నా కూరగాయల డబ్బులు కూడా పోయేవి. చివరికి శీర్షిక మానేసి చాలాకాలం ప్రూఫులు దిద్దుకుని బతికాను. ఇప్పుడు ఆ అనుబంధం పోయింది గానీ ఆ బుద్ధి పోలేదు. నువ్వు కూడా "మీకు తెలుసా?" అని మొదలుపెట్టావు చూడు. ముందు అది కొట్టెయ్.

"బరువైన బంతి తక్కువ ఎగురుతుంది" అని ధీమాగా రాశావు. వేసి చూశావా? ఒక ఉక్కు గోళీని మందపాటి ఉక్కు దిమ్మ మీద వదులు. అదే గోళీని తడిమట్టిలో వదులు. బరువు ఏమీ మారలేదు, ఒకచోట ఎగిరి దూకింది, ఇంకోచోట కూరుకుపోయింది. ఎత్తు అనేది బంతీ నేలా కలిసి తేల్చుకునే లెక్క. అందుకే ఆటల నియమాలు రాసేవాళ్లు నేల సంగతి చెప్పకుండా ఎత్తు చెప్పరు. మామూలు రకం టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి చదును నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి. టేబుల్ టెన్నిస్ బంతిని 30.5 సెంటీమీటర్ల నుంచి ఉక్కు దిమ్మ మీద వదిలితే 24 నుంచి 26 దాకా. నీ వ్యాసంలో మాత్రం ఎక్కడ చూసినా "చాలా ఎత్తు", "బాగా ఎత్తు".

న్యూటన్ పేరు కూడా వాడుకున్నావు, ఆయన చేసిన పని మాత్రం వదిలేశావు. ఆయన గాజు గోళాల్నీ ఉన్ని ఉండల్నీ దారాలకు వేలాడదీసి గుద్దించి చూశాడు. గాజు గోళాలు 16 పాళ్ల వేగంతో ఢీకొంటే 15 పాళ్లతో విడిపోయాయి, ఉన్ని ఉండలకైతే 9కి 5. వేగం నుంచి ఎత్తుకు వచ్చేసరికి వర్గం చేయాలి కదా, ఆ లెక్కన 9కి 5 అంటే ఎత్తులో మూడోవంతు కూడా దక్కదు. వేగంలో చిన్న తేడా ఎత్తులో పెద్దదై కూర్చుంటుంది. రాయాల్సింది ఇది.

చంద్రుడి పేరా పూర్తిగా తీసెయ్. అక్కడ బంతిని పైకి విసిరితే ఎక్కువ ఎత్తు పోతుంది, నిజమే. కానీ నువ్వు రాస్తున్నది చేతిలోంచి వదిలేసిన బంతి గురించి. గట్టి రబ్బరు బంతిని అదే ఎత్తు నుంచి, అదే రకం నేల మీద వదిలితే అక్కడ కూడా ఇంచుమించు ఇక్కడ లేచినంతే లేస్తుంది, కాకపోతే తాపీగా. కింద పడేటప్పుడు లాగినవాడే పైకి పోయేటప్పుడూ లాగుతాడు, ఆ రెండూ చెల్లుకు చెల్లు.

చివర్లో మాత్రం "ఆఖరి గెంతులు కంటికి ఆనవు, చెవికే తెలుస్తాయి" అని రాశావు. బాగుంది. అంత మంచి వాక్యం రాసి దాని వెంట పోకుండా ఎలా ఊరుకున్నావో నాకు అర్థం కాలేదు. ఫోన్‌లో ఆ చప్పుళ్లు రికార్డు చెయ్. ఒక చప్పుడుకీ తర్వాతి చప్పుడుకీ మధ్య సెకను పడితే బంతి దాదాపు 122 సెంటీమీటర్లు లేచినట్టు. అర సెకను పడితే 30, ఆపైన కాస్త. సమయం సగమైతే ఎత్తు పావు. స్కేలు పట్టుకుని గోడ పక్కన కళ్లు చిట్లించుకునే పని లేదు.

మామూలు బంతి ఒకటి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టింది ఒకటి, గాలి సగం తీసింది ఒకటి. ఒకే ఎత్తు నుంచి వదులు, విసరకు, గట్టి నేల మీద ఒకసారి, మడిచిన దుప్పటి మీద ఒకసారి. దుప్పటి మీద చప్పుడు సరిగా వినపడకపోతే అక్కడ మాత్రం వీడియో తియ్. ఏది ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం ఫోటో తీసి పంపు. వ్యాసం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు