పాటిదిబ్బ మీద మొదటి సీజన్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పురావస్తు తవ్వకాల్లో ట్రెంచ్ (తవ్వే గుంట) సూపర్‌వైజర్‌గా మొదటి సీజన్‌కి, ఒక పాటిదిబ్బ (పాత ఊరి దిబ్బ) మీదికి వెళ్తున్నావని తెలిసి సంతోషం. ఒక్క సంగతి మనసులో పెట్టుకుని బయల్దేరు. వానలు పడేసరికి నీ కాంట్రాక్టు అయిపోతుంది. రిపోర్టు ఎప్పుడో తర్వాత రాస్తారు, రాసేది నువ్వు కాకపోవచ్చు. అప్పటికి ట్రెంచ్ పూడ్చేసి ఉంటారు. ఆ రాసే మనిషి చేతిలో మిగిలేవి నీ నోటుబుక్కు, నీ సంచులు, వాటిలోని చీటీలు.

దిబ్బ ఎక్కకముందే ఊళ్ళో పెద్దవాళ్ళను అడుగు, పాటిమన్ను ఎటువైపు నుంచి తోలుకెళ్ళారని. ఒకప్పుడు బళ్ళమీద, ఇప్పుడు ట్రాక్టర్లమీద ఎరువుగా పొలాలకు పోయిన దిబ్బలు మన దగ్గర చాలా ఉన్నాయి. అలా ఎత్తిన చోట నీకు పైన కనిపించేది చివరి కాలపు పొర కానక్కర్లేదు.

పదిమీటర్ల చదరాన్ని నాలుగు క్వాడ్రంట్లు (పావు భాగాలు) చేసి, మధ్యలో అరమీటరు బాల్క్ (తవ్వకుండా వదిలే మట్టిగట్టు) వదలడం నీకు తెలిసిందే. లోతు మాత్రం కాళ్ళకింది నేలనుంచి కొలవకు, దిబ్బ వాలుగా ఉంటుంది. బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన కదలని గుర్తు) నుంచే కొలువు. మేకలు తొక్కి, తట్టలు తగిలి పెగ్గులు కదులుతుంటాయి. రోజూ పొద్దున్నే, పలుగు ముట్టుకోకముందే, మూల పెగ్గుల మట్టం సరిచూసి రాసుకో. రెండంగుళాలు దిగిపోయిన పెగ్గు సీజన్ చివర బయటపడితే, ఏ రోజు నుంచి లెక్క తప్పిందో తేల్చే దారే ఉండదు. తవ్విన మన్ను అంచుకు కనీసం రెండు మీటర్ల అవతల పోయించు. అంచుమీద బరువు పడితే సెక్షన్ (పొరలు కనిపించే ట్రెంచ్ పక్కగోడ) కూలుతుంది, కింద మనుషులుంటారు.

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది పాతకాలం వాళ్ళు తవ్విన గుంటల దగ్గర. పొరల లెక్క పైనుంచి కిందికి. రెండో పొర కాలంలో ఎవరో గుంట తవ్వారనుకో, అది నాలుగో పొరలోకి దిగి ఉంటుంది. నువ్వు పది సెంటీమీటర్ల చొప్పున సమంగా దింపుకుంటూ పోతే, గుంటలోని కొత్త కుండపెంకులు నాలుగో పొర సంచిలో పడతాయి. అందుకని పొద్దుటి పూట, రాత్రి చెమ్మ ఆరకముందు, తాపీతో ఒకే వైపుకి గీకి నేల శుభ్రం చెయ్యి. ఆరిపోయిన నేలైతే చేతి స్ప్రేయర్‌తో సన్నగా నీళ్ళు చల్లి కాసేపు ఆగు. గుంట మన్ను వదులుగా ఉంటుంది కనుక చుట్టుపక్కల మట్టి కంటే ముందో వెనకో ఆరుతుంది, అంచు గీతలా తేలుతుంది. తాపీ పిడితో తట్టినా చప్పుడు బోలుగా వస్తుంది. గీత కనబడగానే మేకుతో గీసి, ఫొటో తీసి, ముందు గుంట ఖాళీ చేయించి, ఆ తర్వాతే పొర మీద చెయ్యి వెయ్యి. సంచులు వేర్వేరు. మట్టి రంగు రాసేటప్పుడు తడిపి చూడు, పొడిమట్టికీ తడిమట్టికీ మన్సెల్ చార్టులో (మట్టి రంగులు పోల్చుకునే పట్టిక) గళ్ళు మారిపోతాయి.

నల్లరేగడి అయితే ఇంకో చిక్కు. ఎండాకాలంలో మీటరుకు పైగా నెర్రెలు విచ్చుతాయి. పైనున్న పూస, నాణెం వాటిలోంచి జారి ఎక్కడో లోతున తేలతాయి. ఎలుక కన్నాలు చేసేదీ అదే పని. ఒక్క నాణెం దొరికిందని పొర వయసు తేల్చెయ్యకు.

చీటీ ముందు, పెంకు తర్వాత. తట్టలో మొదటి పెంకు పడకముందే చీటీ సిద్ధంగా ఉండాలి: సైటు కోడ్, సంవత్సరం, ట్రెంచ్, క్వాడ్రంట్, పొర, లోతు, తేదీ, నీ పొడి అక్షరాలు. పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోవచ్చు, మార్కర్ ఎండకు వెలిసిపోతుంది. ఒకటి సంచి లోపల చిన్న జిప్ కవర్లో, ఒకటి బయట కట్టి. పెంకులు కడిగి గోనెపట్టా మీద ఆరబెట్టినప్పుడు చీటీలు గాలికి లేస్తాయి, పొరలు కలిసిపోయేది ఎక్కువగా అక్కడే.

కాలం లెక్కగట్టడానికి పంపే బొగ్గు నమూనాను శుభ్రమైన తాపీతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టు. చెయ్యి తగలకూడదు, దూదిలో, కాగితంలో పెట్టకూడదు, దగ్గర్లో బీడీ ఉండకూడదు. మొద్దుబొగ్గు కంటే మాడిన ఉలవగింజ మేలు. చెట్టు నడుమ కలప, చెట్టు కొట్టేనాటికే వందేళ్ళ పాతది కావచ్చు. గింజ ఒక్క పంటది. గింజల కోసం మట్టిని నీళ్ళలో కలిపి, తేలినదాన్ని అరమిల్లీమీటరు జల్లెడలో పట్టి నీడన ఆరబెట్టు. ఎండలో పెడితే పగిలిపోతాయి.

2024లో తెలంగాణలోని ఫణిగిరిలో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అలాంటి కుండ నీ ట్రెంచ్‌లో పడితే అక్కడే తెరవాలన్న ఆత్రం ఆపుకో. చుట్టూ మట్టితో సహా గుడ్డపట్టీలు చుట్టి, పలక దూర్చి ఎత్తించి, ల్యాబ్‌లో విప్పాలి. సీసపు నాణేన్ని చింతపండుతో తోమే ఇత్తడి బిందె అనుకోకు, పులుపు దాన్ని తినేస్తుంది. చెక్క బీరువాలోనూ పెట్టకు. చెక్కనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి కొన్నాళ్ళకు తెల్లపొడి రాలుతుంది. పాలిథిన్ కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో, ఇనప బీరువాలో ఉంచు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోకు. ఫొటో వాట్సాప్‌లో పెట్టావా, రాత్రికి గుప్తనిధుల వాళ్ళు దిగుతారు.

మట్టి మారిన సంగతి నీకంటే ముందు పార పట్టిన చేతికి తెలుస్తుంది. కూలీ “ఇక్కడ గట్టిగా తగుల్తోందమ్మా” అంటే పని ఆపించి చూడు. మస్టర్ ఏరోజుకారోజు రాయి. దొరికిన వస్తువుకింత అని బహుమానం మాత్రం ఇవ్వకు, ఇస్తే పక్క దిబ్బ వస్తువు నీ ట్రెంచ్‌లో మొలుస్తుంది.

డ్రోన్ ఫొటోలు తీస్తారు, మంచిదే. అయినా సెక్షన్ చేత్తో గియ్యి. పొర ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా గీత పడదు, కెమెరాకు ఆ బాధ లేదు.

చేరేముందు బస, మరుగుదొడ్డి, ప్రమాద బీమా, జీతం ఏ తేదీన ఇస్తారన్నది మొహమాటపడకుండా అడుగు. వచ్చేటప్పుడు నోటుబుక్కు మొదటి పేజీలో నువ్వు వాడిన పొడి అక్షరాలన్నిటికీ అర్థాలు రాసి పెట్టు. రిజిస్టర్లో వాడని నంబర్లుంటే ఖాళీగా వదిలెయ్యకుండా ‘రద్దు’ అని రాసి సంతకం చెయ్యి. లేకపోతే ఆ రిపోర్టు రాసే మనిషి, లేని సంచికోసం స్టోరంతా వెతుకుతాడు.