గీతలు చెదరని ఫారం వర్డ్‌లోనే

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం సభ్యత్వ ఫారాన్ని వర్డ్‌లో చేసి అందరికీ మెయిల్ చేశాం. పేరు టైప్ చేయగానే గీత పక్కకు జరిగిపోతోంది, కింది వరుసలు చెదిరిపోతున్నాయి. కొందరైతే ప్రశ్నలే చెరిపేసి పంపారు. ప్రింటు తీసి పెన్నుతో నింపించడం తప్ప దారి లేదా?

జవాబు: ఉంది. ఖాళీ కోసం మీరు అండర్‌స్కోర్లు కొట్టి ఉంటారు. వర్డ్‌కు అవీ అక్షరాలే కాబట్టి, మధ్యలో పేరు టైప్ చేస్తే ముందుకు జరుగుతాయి. వాటన్నిటినీ తీసేసి రెండు నిలువు వరుసల టేబుల్ వేయండి. ఎడమ గడిలో ప్రశ్న, కుడి గడిలో జవాబు. గీతలాగే కనిపించాలంటే కుడి గడికి కింది బోర్డర్ ఒక్కటే ఉంచండి. టేబుల్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ నొక్కి ‘ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్’ దగ్గర టిక్ తీసేయండి. అది ఉంటే పొడవాటి మెయిల్ ఐడీ రాగానే గడి సాగి, పక్క గడి ఇరుకైపోతుంది.

జవాబు గడుల్లో పెట్టే కంట్రోళ్లు, అంటే టైప్ చేయడానికో ఎంచుకోవడానికో వీలిచ్చే పెట్టెలు, డెవలపర్ ట్యాబ్‌లో ఉంటాయి. మొదట్లో ఆ ట్యాబ్ కనిపించదు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్లి కుడివైపు జాబితాలో డెవలపర్‌కు టిక్ పెట్టాలి. పేరుకూ ఫ్లాట్ నంబరుకూ ప్లెయిన్ టెక్స్ట్ కంట్రోల్ వాడండి. రిచ్ టెక్స్ట్ పెడితే, ఎక్కడినుంచో కాపీ చేసి అతికించిన మాటల రంగులూ సైజులూ మీ ఫారంలోకి వచ్చేస్తాయి. చిరునామా గడికి మాత్రం, దాని కంట్రోల్ మీద నొక్కి, డెవలపర్ ట్యాబ్‌లోని ప్రాపర్టీస్‌లో ‘ఎలౌ క్యారేజ్ రిటర్న్స్’ టిక్ పెట్టాలి, లేకపోతే అక్కడ ఎంటర్ పనిచేయదు. సొంతమా, అద్దెకా అన్నదానికి డ్రాప్‌డౌన్ లిస్ట్ సరిపోతుంది. జాబితాలో లేని జవాబు కూడా రాయనివ్వాలంటే కాంబో బాక్స్ తీసుకోండి.

చెక్‌బాక్స్ దగ్గర ఒక చిక్కుంది. నొక్కితే మామూలుగా ఇంటూ గుర్తు పడుతుంది. మనకు ఇంటూ అంటే తప్పు, వద్దు అనే కదా! ప్రాపర్టీస్‌లో చెక్డ్ సింబల్ పక్కనున్న ఛేంజ్ నొక్కి, సెగో యూఐ సింబల్ ఫాంట్ ఎంచుకుని, క్యారెక్టర్ కోడ్‌లో 2611 కొడితే టిక్ గుర్తు వస్తుంది.

‘క్లిక్ ఆర్ ట్యాప్ హియర్’ అనే ఇంగ్లిష్ మాటలు అలాగే వదిలేయకండి. డెవలపర్ ట్యాబ్‌లోనే ఉన్న డిజైన్ మోడ్ ఆన్ చేసి అక్కడే ‘ఇంటి పేరుతో సహా రాయండి’ అని తెలుగులో పెట్టుకోవచ్చు. పని కాగానే డిజైన్ మోడ్ ఆఫ్ చేయాలి.

చివరగా తాళం. రివ్యూ ట్యాబ్‌లో రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ తెరిచి, రెండో అంశానికి టిక్ పెట్టి, కింది జాబితాలో ‘ఫిల్లింగ్ ఇన్ ఫామ్స్’ ఎంచుకోండి. ‘యస్, స్టార్ట్ ఎన్‌ఫోర్సింగ్ ప్రొటెక్షన్’ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇక ప్రశ్నలను ఎవరూ చెరపలేరు, ట్యాబ్ కీతో గడి నుంచి గడికి వెళ్లొచ్చు. అయితే ఈ పాస్‌వర్డ్ పొరపాటు మార్పులను ఆపడానికే. నింపిన వివరాలను ఇది దాచదు. ఆధార్ నంబర్లున్న ఫైళ్లకు ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ డాక్యుమెంట్‌లోని ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ వేరుగా వాడి తీరాలి.

ప్రశ్న: తేదీ ఎంచుకునే కంట్రోల్ డేట్ పికర్‌లో తేదీ మధ్య నెలకు బదులు 00 వస్తోంది. ఎందుకు?

జవాబు: ఫార్మాట్‌లో నెలకు చిన్న ఎమ్‌లు రాసి ఉంటారు. వర్డ్‌లో చిన్న ఎమ్ అంటే నిమిషాలు. ప్రాపర్టీస్‌లో నెల దగ్గర రెండు పెద్ద ఎమ్‌లు పెట్టండి. రోజుకూ సంవత్సరానికీ చిన్న అక్షరాలే ఉండాలి. లొకేల్ (భాష, దేశం ఎంపిక) ‘ఇంగ్లిష్ (ఇండియా)’గా మార్చండి, అమెరికా పద్ధతిలో నెల ముందుకు రాకుండా ఉంటుంది.

ప్రశ్న: పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే గడులు నింపడానికి రావడం లేదు.

జవాబు: వర్డ్ చేసే పీడీఎఫ్‌లో గడులు బొమ్మలాగా మిగిలిపోతాయి. అదే ఫారాన్ని ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ రైటర్‌లో, దాని ఫామ్ మెనూలోని కంట్రోళ్లతో తయారుచేసి, ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్‌లో ‘క్రియేట్ పీడీఎఫ్ ఫామ్’ టిక్ ఉంచితే నింపగల పీడీఎఫ్ వస్తుంది. మీ సభ్యుల్లో ఎక్కువమంది ఫోన్లోనే నింపేవాళ్లయితే మాత్రం వర్డ్, పీడీఎఫ్ రెండూ పక్కనపెట్టి గూగుల్ ఫామ్స్ వాడండి. జవాబులు షీట్‌లోకి చేరతాయి, ఒక్కో ఫైలూ తెరిచి ఎక్కించుకునే పని తప్పుతుంది.