పక్క దేశాల బడుల మీద చదివితే మా పాపకు ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెటూరు. కొంచెం జీడితోట, కొంచెం కొబ్బరి ఉన్నాయి. మా పాపకు 24 ఏళ్లు. బీఎస్సీ, బీఈడీ చేసింది, టెట్ పాసైంది. ఇక్కడే ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. 2025 మెగా డీఎస్సీలో కొద్దిలో పోయింది. మళ్లీ రాయమ్మా అంటే, ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తానంటోంది. శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్‌లలో బడులు ఎలా నడుస్తున్నాయో మనవాటితో పోల్చి చదవాలట. పక్క దేశం బడి ఎలాగుంటే మనకేటి? దీంతో ఏటి ఉద్యోగం వస్తాదండీ? ఏం చెప్పమంటారు?

జవాబు: అయ్యా, ఉద్యోగం సంగతి తప్పకుండా చెబుతాను. ముందు ‘పక్క దేశం బడి ఎలాగుంటే మనకేటి’ అన్నారే, దాని గురించి మాట్లాడుకుందాం. అది తేలితే అమ్మాయి ఎందుకు పట్టుబడుతోందో మీకే అర్థమవుతుంది.

మీ ఊళ్లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసిన పిల్లలు ఉండే ఉంటారు. సీట్ల దగ్గర ‘ఏయూ లోకల్’ అన్న మాట మీరూ వినే ఉంటారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మరి స్థానికులు అంటే ఎవరు? శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతమంతా ఒకటే లెక్క. సోంపేట ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ చదివిన పిల్ల, విజయవాడ, గుంటూరు కార్పొరేట్ హాస్టళ్లలో రెండేళ్లు పగలూ రాత్రీ తోమించుకున్న పిల్లలతో ఒకే జాబితాలో నిలబడాలి. మన జిల్లా వెనకబడిందని అందరూ అంటారు గానీ, ఈ లెక్కలో జిల్లాకంటూ విడిగా వాటా లేదు.

శ్రీలంకలో ఈ లెక్క వేరు. అక్కడ మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్ పరీక్ష మార్కులను జెడ్-స్కోరుగా, అంటే సగటు కంటే ఎంత పైన ఉన్నారో, ఎంత కింద ఉన్నారో చెప్పే లెక్కగా మారుస్తారు. చాలా కోర్సుల్లో 40 శాతం సీట్లు దేశమంతటి మెరిట్ మీద నింపుతారు. 55 శాతం జిల్లాల వారీగా పంచుతారు. మిగిలిన 5 శాతం చదువు సౌకర్యాల్లో వెనకబడిన జిల్లాలకు. అందుకే కొలంబో పిల్లకు మెడిసిన్ సీటు రాని స్కోరుతో మొనరాగల లాంటి వెనకబడిన జిల్లా పిల్లకు రావచ్చు. ఇది విని ‘ఆహా, మనకూ ఇలాగే ఉంటే బాగుణ్ను’ అనిపిస్తుంది. ఆగండి. ఇదే దేశంలో 1970ల మొదట్లో పరీక్ష మార్కులను భాషా మాధ్యమాన్ని బట్టి సర్దారు. తమిళ మీడియం పిల్లలకు అదే సీటుకు ఎక్కువ మార్కులు కావాల్సి వచ్చింది. అది తమిళ యువతలో రగిల్చిన కోపం, ఆ తర్వాత ఆ దేశాన్ని దశాబ్దాల పాటు కాల్చిన యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి. సీట్ల లెక్కలో ఒక సూత్రం మారితే ఎంతదాకా పోతుందో చూడండి. జెడ్-స్కోరంటే సగటు, ప్రామాణిక విచలనం. మీ అమ్మాయి చదివిన లెక్కలే. ఈ విషయం మీద పనిచేసేవాళ్లలో లెక్కలు తెలిసినవాళ్లకు ఎప్పుడూ విలువే.

ఇంకొకటి మీ ఇంటి ముందే జరిగింది. 2022లో జీవో 117 ప్రకారం చాలాచోట్ల 3, 4, 5 తరగతులను ఊరి బడి నుంచి హైస్కూలుకు తరలించారు. పిల్లలు రోడ్డు దాటాలి, గెడ్డ దాటాలి అని తల్లులు గొడవ చేశారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఇదే పని చైనా మనకంటే చాలా ముందు, మనకంటే చాలా పెద్ద ఎత్తున చేసింది. 2001 నుంచి పల్లె బడులను మూసి పెద్ద బడుల్లో కలుపుతూ పోయింది. ఏడెనిమిదేళ్ల పిల్లలు హాస్టళ్లకు చేరారు, లేదంటే దొరికిన బండెక్కి దూరాలు వెళ్లారు. 2011లో గాన్సు రాష్ట్రంలో తొమ్మిది సీట్ల వ్యాన్‌లో 60 మందికి పైగా కుక్కి తీసుకెళ్తుంటే ప్రమాదం జరిగి పసిపిల్లలు చనిపోయారు. 2012లో అక్కడి ప్రభుత్వమే ఈ గుడ్డి విలీనాలు ఆపమని ఆదేశించింది. మన దగ్గర జీవో రాసే ముందు ఈ పదకొండేళ్ల అనుభవాన్ని ఎవరైనా బల్ల మీద పెట్టి చెప్పి ఉంటే? అలా చెప్పగల మనుషులు కావాలి. మీ అమ్మాయి ఎంచుకున్నది ఆ పనే.

మిగతా దేశాల్లోనూ చూడాల్సినవి ఉన్నాయి. నేపాల్ 2015 రాజ్యాంగంతో బడుల నిర్వహణను 753 స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది. మన పంచాయతీ సర్పంచి చేతికి హైస్కూలు ఇచ్చినట్టు ఊహించుకోండి. బంగ్లాదేశ్ 1994 నుంచి ఆడపిల్లలకు హైస్కూలు స్టైపెండ్ దేశమంతటా పల్లెల్లో ఇచ్చి, వాళ్లను బడిలో నిలబెట్టింది. భూటాన్‌లో పాఠాలు మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే, పక్కన జోంఖా భాష. ఇంగ్లిష్ మీడియం మీద మన రాష్ట్రంలో ఇంత వాదన నడిచింది కదా, ఆ వాదించినవాళ్లలో ఎంతమంది భూటాన్ వైపు చూశారు?

ఇక అమ్మాయికి ఒక మాట. ‘దక్షిణాసియా విద్యా విధానాలను పోల్చి చదువుతాను’ అని దరఖాస్తులో రాస్తే ఎవరూ పట్టించుకోరు. అది మరీ పెద్ద మాట. ఏ దేశం గొప్ప అన్నది అసలు ప్రశ్నే కాదు. ఒక చిన్న ప్రశ్న పట్టుకోవాలి, అదీ తన కళ్లతో చూసింది అయి ఉండాలి. సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలు ఆమె క్లాసులోనే ఉంటారు. సీతంపేట కొండల్లో సవర పిల్లలున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు ఈ నేల మీదే పాటుపడ్డారు. 2004 ప్రాంతంలో మన రాష్ట్రం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల పుస్తకాలు తెచ్చింది. బంగ్లాదేశ్ 2017లో చక్మా, మర్మా, గారో, త్రిపుర, సాద్రి భాషల్లో పుస్తకాలు పంచడం మొదలుపెట్టింది. ఆ పుస్తకం చెప్పే టీచర్‌కు ఆ భాష వచ్చా? మూడో తరగతి తర్వాత ఆ పిల్ల ఏమైంది? ఇక్కడా అక్కడా ఈ రెండే ప్రశ్నలు అడిగినా మంచి పరిశోధన అవుతుంది. పైగా మీ ప్రాంతంలో పెరిగిన పిల్లకు ఒడియా చెవిన పడుతూనే ఉంటుంది. ఒడియా తెలిస్తే బెంగాలీ పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. ఢిల్లీలో చదివిన చాలామందికి ఈ వీలు లేదు.

ఉద్యోగం విషయానికి వద్దాం. ఇది నోటిఫికేషన్ వచ్చి వేల పోస్టులు పడే రంగం కాదు. మొదటి ఉద్యోగం సాధారణంగా స్వచ్ఛంద సంస్థలోనో, పరిశోధన ప్రాజెక్టులోనో, కాంట్రాక్టు మీద ఉంటుంది. పల్లెలు తిరగాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయి కొలిచే అసర్ సర్వే చేస్తోంది. పాకిస్తాన్‌లోనూ అదే పద్ధతి నడుస్తోంది. అలాంటి చోట్ల, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌లో, యునిసెఫ్ ప్రాజెక్టుల్లో, సర్కారు బడుల పథకం సమగ్ర శిక్షలో అవకాశాలుంటాయి. జీతం మొదట్లో డీఎస్సీ టీచర్ కంటే తక్కువే ఉండొచ్చు. స్థిరత్వం అయితే కచ్చితంగా తక్కువ. ఇది అమ్మాయికి కూడా తెలియాలి.

చదువులో ఒక మెలిక ఉంది, ఇక్కడ చాలామంది పొరబడతారు. డైట్‌లోనో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) బీఈడీ కాలేజీలోనో లెక్చరర్ కావాలంటే ఎంఈడీ వైపు వెళ్లడమే క్షేమం. ఎంఏ ఎడ్యుకేషన్‌ను అన్ని నోటిఫికేషన్లూ దానితో సమానంగా చూడవు. మీకు భువనేశ్వర్ దగ్గరే కదా అని ఎంఈడీకి అక్కడి ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రాంతీయ విద్యా సంస్థ గుర్తొస్తుంది గానీ, ఎన్‌సీఈఆర్‌టీ లెక్కలో ఆంధ్రప్రదేశ్ మైసూరు సంస్థ పరిధిలోకి వస్తుంది. పరిశోధన, విధానాల వైపు పోతానంటే ఎంఏనే మేలు. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) చూడండి. మొదటిదాంట్లో ఫీజు ఎక్కువే. అయితే కుటుంబ ఆదాయాన్ని బట్టి రాయితీ ఇస్తారు, పూర్తిగా మాఫీ అయ్యే వీలూ ఉంది. మీలాంటి చిన్న రైతు కుటుంబం ఫీజు చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. ఆదాయ ధ్రువపత్రం ముందే తీయించి పెట్టుకోండి. ఆ తర్వాత పీహెచ్‌డీకి ఢిల్లీలో విద్యా ప్రణాళికల జాతీయ సంస్థ నీపా ఉంది. సార్క్ దేశాలు కలిసి పెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీ కూడా ఢిల్లీలోనే ఉంది. అక్కడ సోషియాలజీ చేస్తే నేపాల్, బంగ్లాదేశ్ పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు.

మరి డీఎస్సీ? మానుకోమని నేను చెప్పను, అమ్మాయి కూడా దాన్ని శత్రువులా చూడొద్దు. 2025లో 16,347 పోస్టులు పడ్డాయి. కొద్దిలో పోయిందంటే చేరువలో ఉన్నట్టే. స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టుకు వయసు ఇంకా బోలెడు ఉంది. ఎంఏ రెండేళ్లు. చదువు అయ్యాక కూడా రాయొచ్చు. ఒకవేళ ముందే పోస్టు వస్తే, నాలుగైదేళ్లు సర్కారు బడిలో చెప్పి, సెలవు పెట్టి చదువుకెళ్లినా నష్టం లేదు. బడిలో పాఠం చెప్పిన మనిషి రాసే విధాన నివేదికకూ, చెప్పనివాళ్లు రాసేదానికీ తేడా మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఏది ముందు అన్నది మీ ఇంటి ఖర్చుల్ని బట్టి మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. అప్పులేవైనా ఉంటే దాచకుండా ఆమెతో చెప్పండి. పెళ్లి మాట మాత్రం ఈ లెక్కలోకి తేకండి.

టిస్‌కు సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. మామూలుగా డిసెంబరు, జనవరిలో దరఖాస్తులు, మార్చిలో పరీక్ష. అజీమ్ ప్రేమ్‌జీ వాళ్ల దరఖాస్తులు ఇంకా ముందే మొదలవుతాయి కాబట్టి దసరా నుంచే వెబ్‌సైట్ చూస్తుండాలి. ఈలోగా తన క్లాసులో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు మాటల్లో ఇచ్చే లెక్కల దగ్గర ఎక్కడ ఆగిపోతున్నారో రెండు పేజీలు రాయమనండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు అవి చేతిలో ఉండాలి.