నాన్న వాచీ మనవడికి ఇచ్చేశాడు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుర్రంపోడు దగ్గర పల్లె. పెళ్లయ్యాక మిర్యాలగూడలో ఉంటున్నాను. మా నాన్నకు 61 ఏళ్లు. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మొన్నటి ఎండాకాలం రెండు బోర్లూ ఎండిపోయి సగం చెట్లు పోయాయి. అప్పటి నుంచి మనిషి మారిపోయాడు. తెల్లారగట్ల మూడింటికే లేచి వాకిట్లో మంచం మీద కూర్చుంటున్నాడట. రోజు విడిచి రోజు గడ్డం గీసుకునే మనిషి, ఇప్పుడు పదిహేను రోజులైనా పట్టించుకోవట్లేదు. పొద్దున్నే హోటల్‌కు పోయి టీ తాగడం మానేశాడు. నడుము నొప్పి అంటే ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదన్నారు. ఎవరో ఏదో చేశారని అమ్మ తాయెత్తు కట్టించింది. తమ్ముడేమో "బోర్లు పోతే రంది ఉండదా, అదే పోతుంది" అంటాడు. పోయిన వారం నాన్న తన వాచీ తీసి మా బాబు చేతికి పెట్టి "ఇక నీదేరా, తాతకెందుకు" అన్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
- ఒక కూతురు

జవాబు: లేదు తల్లీ, నువ్వు సరిగ్గానే చూశావు. నీ ఉత్తరం అందిన రోజే నువ్విచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదిది. ఆ రోజు చెప్పినవే, ఇలాంటి తండ్రో అన్నో భర్తో ఇంట్లో ఉన్నవాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా అన్న పోచంపల్లి వైపు మగ్గం నేసేవాడు. రంగులో ముంచకముందే నూలుకు చిటికి కడతారు. ఆ కట్టు సరిగ్గా ఉంటేనే మగ్గం మీద పువ్వు కుదురుగా పడుతుంది. అన్న చేతిలో పువ్వు తప్పడం మేమెప్పుడూ చూడలేదు. అలాంటిది ఒక చీరలో పువ్వులు పక్కకు జరిగాయి. తర్వాతి చీరలోనూ అంతే. చూపు మందగించిందనుకుని అద్దాలు చేయించాం. అద్దాలు పెట్టుకున్నా అదే తీరు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటిదాకా పోయేది కాదు. నేనప్పటికే వార్డులో నర్సుని. రోజూ ఎంతమందికో బీపీ చూసేదాన్ని. సొంత అన్న కలిపి వదిలేసిన అన్నం నా కంటికి ఆనలేదు. ఒక రాత్రి వదిన ఫోన్ చేసి "మీ అన్న పిల్లల్ని నాకు అప్పగింతలు పెడుతున్నాడు" అంటే అప్పుడు పరుగెత్తాను. మందులు వాడాడు, కోలుకున్నాడు, మళ్లీ మగ్గమెక్కాడు. కానీ అప్పటికి మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలలు ఈరోజుకీ నన్ను వదల్లేదు.

మీ తమ్ముడనే రంది అబద్ధం కాదు. బోర్లు పోతే రంది పడని రైతు ఎవరు? కానీ రంది పడే మనిషి మధ్యమధ్యలో తేరుకుంటాడు. మనవడొస్తే నవ్వుతాడు, మబ్బు పడితే బయటికొచ్చి చూస్తాడు. రెండు వారాలు దాటినా దాదాపు రోజంతా అలాగే ఉండి, నిద్ర, తిండి, పని, మనుషులు అన్నీ దూరమవుతుంటే అది జబ్బు. వేకువ కాకముందే మెలకువ రావడం, మళ్లీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌లో తరచుగా కనిపిస్తుంది. మన దగ్గర మగవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లు, "నాకు బాధగా ఉంది" అనరు. నడుము అంటారు, కడుపులో మంట అంటారు. కొందరు అయినదానికీ కానిదానికీ కసురుకుంటారు, ఇంకొందరు తాగుడు పెంచుతారు. ఏడవట్లేదు కదా అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉండిపోతారు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వాచీ. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పుల లెక్కలు ఉన్నట్టుండి అప్పగించడం, "నేనుంటే ఎంత, లేకుంటే ఎంత" అనడం తేలిగ్గా తీసుకోకూడదు. అన్నాళ్లు కుమిలిన మనిషి ఒక్కరోజులో ప్రశాంతంగా మారినా సంబరపడి వదిలేయకూడదు.

అందుకే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అలా పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది. నలుగురి ముందు వద్దు, తోటలో ఆయనతో నడుస్తూ అడుగు. "నాన్నా, నిద్ర పట్టట్లేదని అమ్మ చెప్పింది. చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?" అని నేరుగానే అడుగు. ఔనంటే ఒట్లు వేయించుకోకు, పిల్లల్ని చూపించి బతిమాలకు. "ఎప్పటి నుంచి నాన్నా?" అని అడిగి, చెప్పినంతసేపూ విను. ఆ రోజు నుంచి డాక్టర్‌కు చూపించేదాకా ఆయన్ను ఒంటరిగా వదలొద్దు.

అంతకన్నా ముందు తమ్ముడితో ఒక పని చేయించు. ఇంట్లో, తోట గుడిసెలో ఉన్న పురుగుమందులూ గడ్డిమందులూ అన్నీ తీసి వేరే వాళ్లింట్లో తాళం వేయించు. ఆ తెగింపు చాలాసార్లు కాసేపే ఉంటుంది. ఆ కాసేపు మందు చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది.

నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. "నన్ను ఎర్రగడ్డకు తోలుతారా" అని నాన్న అంటారేమో. డాక్టర్‌కు చూపించుకోవడమంటే వార్డులో చేర్చడం కాదని చెప్పు. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయించమని అడుగు, వాటి లోపం వల్ల కూడా మనిషి ఇలా నీరసించిపోతాడు. మందుల గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే "ఏం లాభం లేదు" అని ఆపేయొద్దు, తేరుకున్నాక కూడా డాక్టర్ చెప్పకుండా మానొద్దు. ఏ రాత్రయినా భయమేస్తే 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం ఫోన్లతో ఆగకుండా 108 పిలవండి.

అమ్మతో తాయెత్తు గురించి గొడవ పడకు. అది చేతికి అలాగే ఉండనీ. ఆసుపత్రికి అమ్మను కూడా తీసుకుపో, ఆయన ఎన్నింటికి లేస్తున్నాడో, ఎంత తింటున్నాడో డాక్టర్‌కు సరిగ్గా చెప్పగలిగేది ఆమే.

ఇక ఆ వాచీ. నాన్నతో మాట్లాడాక, బాబు చేతనే తిరిగి ఇప్పించు. "నాకింకా పెద్దగా ఉంది తాతా, నేను పెద్దయ్యేదాకా నువ్వే పెట్టుకో" అని వాడే ఆయన చేతికి పెట్టాలి.