దుప్పటి మరిగిస్తే రేడియేషన్ పోతుందా?

ప్రశ్న: మా అప్పకి థైరాయిడ్ కోసం అయోడిన్-131 ఇచ్చారు. అర్ధాయువు 8 రోజులన్నారు. అంటే 16 రోజులకి మొత్తం పోయినట్టేనా? ఆవిడ దుప్పట్లు మరిగించి ఎండేస్తే చాలా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: కాదు. అర్ధాయువు అంటే ఉన్నదాంట్లో సగం తగ్గడానికి పట్టే కాలం. 16 రోజులకి ఇంకా పావు వంతు ఉంటుంది. రెండో 8 రోజుల్లో పోయేది మిగిలినదాంట్లో సగమే. 24 రోజులకి ఎనిమిదో వంతు, 80 రోజులకి సుమారు వెయ్యో వంతు మిగులుతాయి. ఫలానా పరమాణువు ఎప్పుడు విఘటనం చెందుతుందో, అంటే కిరణాలు వెదజల్లి మరోటిగా మారుతుందో ఎవరూ చెప్పలేరు. పాతదైనంత మాత్రాన దాని వంతు ముందు రాదు. కోట్లకొద్దీ ఉన్నప్పుడు మాత్రం సగం లెక్క తప్పదు.

ఒంట్లో ఇంకా వేగంగా తగ్గుతుంది. థైరాయిడ్ పట్టుకోని అయోడిన్‌లో చాలా భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. నీళ్లు బాగా తాగమనేది, మరుగుదొడ్లో రెండుసార్లు నీళ్లు వదలమనేది అందుకే. పిల్లలకీ గర్భిణులకీ ఎన్నాళ్లు ఎడంగా ఉండాలన్నది మోతాదును బట్టి మారుతుంది. పక్కింటివాళ్ల లెక్క కాదు, డిశ్చార్జి కాగితం చూడండి.

ఇక దుప్పటి. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులు. విఘటనం కేంద్రకంలో జరిగేది, మంటకీ ఎండకీ దాని వేగం మారదు. అయితే చెమటతో, ఉమ్మితో అంటుకున్న అయోడిన్ ఉతికితే నీళ్లతో పోతుంది. విడిగా, మామూలు సబ్బుతో ఉతికి బాగా జాడించండి.

ప్రశ్న: మా తీరంలో నల్ల ఇసుకలో రేడియేషన్ వెదజల్లే థోరియం ఉందంటారు. అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్లట. అన్నాళ్లూ ప్రమాదమేనా?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: నల్లగా మెరిసేది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రనిది గార్నెట్. థోరియం ఉండేది మోనజైట్ అనే ఖనిజంలో. అవి తేనెరంగు రేణువులు, ఇసుకలో కొద్దిగానే కనిపిస్తాయి. అర్ధాయువు పెరిగేకొద్దీ విఘటనం నెమ్మదిస్తుంది. గ్రాము శుద్ధ థోరియంలో సెకనుకి దాదాపు 4,000 కేంద్రకాలు విఘటనం చెందితే, గ్రాము అయోడిన్-131లో దాదాపు 46 కోట్ల కోట్లు!

అలాగని అర్ధాయువు ఒక్కటే చూసినా పొరపాటే. థోరియం నేరుగా సీసంగా మారదు, దారిలో రేడియం, థోరాన్ వాయువు వస్తాయి. థోరాన్ అర్ధాయువు 56 సెకన్లే. తీరంలో గాలికి చెదిరిపోతుంది. మూసిన గదిలో మోనజైట్ పొడి చేస్తే మాత్రం థోరాన్ నుంచి పుట్టినవి దుమ్ముకి అంటుకుని ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఇసుక మీద నడవడానికి భయం అక్కర్లేదు, ఆ దుమ్ము పీల్చకూడదు.

ప్రశ్న: ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ల పక్కన కూర్చోవచ్చా?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: నిక్షేపంగా. ఎక్స్‌రే గొట్టంలో విఘటనమే లేదు, స్విచ్చి ఆపితే కిరణాలూ ఆగిపోతాయి. బోన్ స్కాన్ వేరు. అక్కడ టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని సూదిమందుగా ఇస్తారు. దాని అర్ధాయువు 6 గంటలు, మర్నాడు అదే వేళకి పదహారో వంతుకి దిగిపోతుంది.