సమాధానం: ఆరడుగుల జాగాలో ఏం వేయాలి?

గోడకీ ఇంటికీ మధ్య ఆరడుగులు, పడమటి ఎండ, పూజకు పూలు కావాలి, గోడ పగలకూడదు. ఇదే కదండీ మీ టెన్షన్?

మామిడి ఆశ వదిలేయండి. పారిజాతం పెట్టండి. పూత అయిపోయాక ఏటా కొమ్మలు కత్తిరిస్తే చేతికందే ఎత్తులోనే ఉంటుంది. పూలు తెల్లవారేసరికి రాలిపోతాయి కాబట్టి రాత్రే కింద పాత చీర పరిచేయండి, మట్టి అంటదు.

పక్కన నందివర్ధనం, మందారం వేసుకోవచ్చు. మందారానికి పిండినల్లి (తెల్లగా పిండిలా అంటుకునే పురుగు) మాత్రం వదలదు. ముందు నీళ్లు గట్టిగా కొట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రంపూట ఆకుల అడుగున తగిలేలా చల్లండి.

కరివేపాకు ఎలాగూ వేస్తారు, వేళ్ల నుంచి లేచే పిలకలు పీకేస్తుండండి. ఇంట్లో పసిపిల్లలుంటే గన్నేరు వద్దు, ఆకు నుంచి గింజ దాకా విషమే.