మొక్కజొన్న ఆపాలా, అమ్మేయాలా: మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

రబీ మొక్కజొన్న ఇప్పుడే అమ్మేయాలా, జూలై దాకా ఆపాలా అని అడిగావు. ఫోన్‌లో జూలై ఫ్యూచర్స్ ధర (ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే బేరం ధర) బాగుంది కాబట్టి ఆ యాప్‌లోనే కొన్ని లాట్లు, అంటే ఆ బేరాలు కొన్ని, కొంటానన్నావు. ముందు దీనికి జవాబు చెప్తాను. వద్దు నాన్నా. కళ్లంలో సరుకున్న రైతు ఫ్యూచర్స్‌లో అమ్మితే నష్టభయం తగ్గుతుంది, కొంటే రెట్టింపవుతుంది. ధర పడితే సరుకులోనూ నష్టం, కాంట్రాక్టులోనూ నష్టం. మార్జిన్, అంటే బేరానికి హామీగా కట్టే డబ్బు, ఏ రోజుకారోజు లెక్కకడతారు. ఎరువుల బాకీకి దాచిన డబ్బు అందులోకి పోతే నాకు నిద్ర పట్టదు.

అలాగని ఆ ధర చూడ్డం మానకు. పంటల ఫ్యూచర్స్ నడిచే ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజిలో కనబడేది బీహార్‌లోని గులాబ్‌బాగ్ మార్కెట్ లెక్క, మన రణస్థలం లెక్క కాదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టు. వారానికోసారి ఆ ధర ఒక పక్క, మన దళారి కళ్లం దగ్గర ఇస్తానన్న ధర ఇంకో పక్క రాసి తేడా కట్టు. మన ధర మామూలు కంటే మరీ వెనకబడితే కొంచెం ఆగొచ్చు. తేడా తగ్గినప్పుడు మాత్రం ఆశకి పోకుండా అమ్మేయి.

ఆపడానికీ ఖర్చుంది. క్వింటా 2,200 అనుకుందాం. రెండు రూపాయల వడ్డీకి నెలకి 44, మూడు నెలలకి 132. జూలైలో 150 ఎక్కువ వచ్చినా గోదాం అద్దె, పురుగు, తరుగు పోగా ఏం మిగులుతుంది? తేమ 14 శాతానికి దించకుండా బస్తాలు కట్టావంటే బూజు పడుతుంది, దాణా వాళ్లు ముట్టుకోరు. ఈ ఒక్క విషయంలో బద్ధకించొద్దు.

అమెరికాలోని చికాగో ఎక్స్ఛేంజి ధర చూసి టెన్షన్ పడకు. అక్కడ సెంట్లలో చెప్పేది బుషెల్‌కి, అంటే 25.4 కిలోలకి. అమెరికా మొక్కజొన్న చాలావరకు జన్యుమార్పిడిది, దాన్ని మన దేశం రానివ్వదు. మన ధరని కదిపేవి కోళ్ల దాణా, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్. 2025లో కేంద్రం ఇథనాల్‌కి ఎఫ్‌సీఐ (ప్రభుత్వ ఆహార సంస్థ) బియ్యాన్ని క్వింటా 2,250కి ఇచ్చింది. బియ్యం అంత చవగ్గా దొరికితే ఇథనాల్ తీసే డిస్టిలరీలు మొక్కజొన్న కోసం ఎందుకు పోటీ పడతాయి? చికాగో కంటే ఇలాంటి వార్తలు చదువు.

నూనెగింజల సంగతి వేరు. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే, కాబట్టి పామాయిల్‌కి మలేషియా ధర ముఖ్యం. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసి, మే నెలలోనే మళ్లీ వదిలింది. మన దిగుమతి సుంకం కూడా అంతే, 2024 సెప్టెంబర్‌లో పెంచారు, 2025 మేలో ముడి నూనెలపై తగ్గించారు. బయటి నూనె చవగ్గా వస్తే మన వేరుశనగ ధర మీదా పడుతుంది, అందుకే అది ఆపాలనుకున్న ఏడాది సుంకం వార్త తప్పకుండా చూడు.

వరికి ఫ్యూచర్స్ ధర వెతక్కు. 2021 డిసెంబర్‌లోనే మార్కెట్లని అదుపు చేసే సెబీ ఆ ట్రేడింగ్ ఆపించింది.

ఇప్పటికి సగం అమ్మి బాకీ తీర్చు. 2025-26కి మొక్కజొన్న మద్దతు ధర 2,400. దళారి అంతకంటే బాగా తగ్గిస్తే, ప్రభుత్వ కొనుగోలు మొదలవుతుందేమో రైతు సేవా కేంద్రంలో అడిగాకే మిగతా సగం మాట్లాడు. ఈ వారం రెండు ధరలూ రాసి నాకు పంపించు, కలిసి లెక్క చూద్దాం.

మీ మావయ్య